చలిదేశమున నిలిపియుంచిన కారు

డిసెంబరు నెల సమీపించుసరికి మన యిండ్లలో పలువురు విమానముల వేళలను లెక్కించుకొనుచుందురు. అమెరికాలోనో కెనడాలోనో ఉన్న కొడుకో కూతురో పిల్లలతో కూడ సంక్రాంతికి వచ్చి, నెల, నెలన్నర ఉండి పోవుదురు. వచ్చువారు అక్కడి యింటికి తాళము వేయుదురు. ఫ్రిజ్జులోని పాలు, పెరుగు ఖాళీ చేయుదురు. కుండీలోని తులసిని, కరివేపాకు మొక్కను పొరుగువారికి అప్పగింతురు. వాకిట నిలిచిన కారును గూర్చి మాత్రము ఎవరును అంతగా ఆలోచింపరు. అది గడ్డి తినదు, కుడితి అడుగదు. ఇనుప వస్తువు, పెట్టినచోటనే ఉండును గదా యని వారి ధీమా.

మన పల్లెలోని రైతు తన బండిని గూర్చి ఇట్లు తలపడు. పనులు లేని దినములలో దానిని ఎండకును వానకును విడువక, చెట్టునీడకో కొట్టములోనికో లాగి, ఇరుసుకు కందెన పెట్టి, చక్రములను ఒకమారు తడవి చూచుకొనును. నడచుచున్న బండికంటె నిలిచిన బండికే చెరుపు ఎక్కువయని అతనికి తెలియును. కారు విషయమున మనము ఆ తెలివిని మరచితిమి. దానిని జ్ఞాపకము చేయుటయే ఈ ప్రసంగమునకు పని.

తెలుగునాట గడ్డకట్టు చలి యెక్కడిది, ఈ మాటలు మనకేల యని శ్రోతలు అడుగవచ్చును. నిజమే. విశాఖ మన్యములోని లంబసింగిలో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత సున్న దరిదాపులకు దిగును. ఆదిలాబాదు ప్రాంతమున జనవరి తెల్లవారుజాములు గజగజలాడించును. అంతకు మించి మనకు చలి లేదు. కాని మన పిల్లలు నివసించు నగరములలో అట్లు కాదు. పైగా నిలిచిన కారు చెడుటకు చలి ఒక్కటే కారణము కాదు. 2020వ సంవత్సరము మార్చి 25వ తేదీ మొదలు దేశమంతటను రాకపోకలు స్తంభించినపుడు, మండువేసవిలో, హైదరాబాదులో ఎన్ని కార్లు కదలక మొరాయించినవో జ్ఞాపకమున్నవారు మనలో అనేకులు కలరు. ఎండకాలమున అది చికాకు మాత్రమే. చలిదేశమున అదే ప్రాణముమీదికి రావచ్చును.

ఈ సంగతి మాకు పుస్తకములవలన తెలిసినది కాదు. 2019వ సంవత్సరమున సంక్రాంతి వెళ్ళిన పిమ్మట, మా మేనల్లుని కుటుంబముతో కూడ మేము మినియాపొలిస్ నగరమునకు ప్రయాణమైతిమి. మేనల్లుడు, అతని భార్య, మూడేండ్ల పాప డిసెంబరులో గుంటూరునకు వచ్చి, జనవరి చివరివారమున తిరిగి చేరిరి. వారి కారు ఐదు వారములు భవనము వెనుక ఆరుబయట మంచు కప్పుకొని నిలిచియున్నది. విమానాశ్రయమునుండి టాక్సీలో ఇల్లు చేరితిమి. ప్రయాణపు బడలికలో రెండు దినములు ఎవరును కారు జోలికి పోలేదు. మూడవనాడు, జనవరి 30వ తేదీ, ఉష్ణోగ్రత సున్నకు దిగువ 33 డిగ్రీలకు పడిపోయెను. బడులు మూసిరి. తపాలా బట్వాడాను సైతము ఆ దినమున నిలిపివేసిరి. ఆ తెల్లవారుజామున పాపకు జ్వరము హెచ్చి ఊపిరి ఎగబోయసాగెను. వైద్యశాల నాలుగు మైళ్ల దూరమున ఉన్నది. మేనల్లుడు పరుగున పోయి కారెక్కి తాళపుచెవి త్రిప్పెను. 'టిక్కు' మని ఒక చిన్న శబ్దము వినబడెను. రెండవమారు అదియును లేదు.

"నెల రోజులే గదా మామయ్యా, కొత్త కారే గదా, ఏమవుతుందిలే అనుకున్నాను," అని అతడు మావంక చూచిన చూపు మేము మరువలేదు.

క్రింది అంతస్తున ఒక వృద్ధుడు ఉండెను. పూర్వము నగరమున బస్సు నడిపి, ఉద్యోగవిరమణ చేసినవాడు. మీ కారునుండి తీగలు తగిలించి మా ఇంజను కదిలింపుడని మేనల్లుడు ఆయనను వేడుకొనెను. ఆయన బానెట్ ఎత్తి, చేతిదీపముతో బ్యాటరీని పరికించి, తల అడ్డముగా ఊపెను. దాని ప్రక్కలు ఉబ్బియున్నవి. లోపలి ద్రవము గడ్డకట్టినది. అట్టి బ్యాటరీకి తీగలు తగిలించినచో అది పగిలి ఆమ్లము ముఖముమీదికి చిమ్మవచ్చునని చెప్పి, ఆయన తన కారులోనే తల్లిని, పాపను వైద్యశాలకు చేర్చెను. ఆయన కారు బయటనే యున్నది, అంతే పాతది, కాని దాని ముందుభాగమునుండి ఒక విద్యుత్తు తీగ వ్రేలాడుచుండెను. ఆ తీగ కథ ముందు చెప్పుదుము. పాప నాలుగు దినములలో కోలుకొన్నది. అంబులెన్సును పిలువవచ్చునన్న మాట ఆ తొందరలో మాలో ఒక్కరికిని తోచలేదు. ఇదికూడ చెప్పవలసినదే.

ఇక బ్యాటరీ సంగతి. కారు నిలిచియున్నను అందులో కొన్ని వస్తువులు నిద్రపోవు. గడియారము నడచుచుండును. దొంగలను పసిగట్టు యంత్రము మేల్కొనియుండును. తాళపుచెవి సమీపించుచున్నదా యని తలుపులు వినుచుండును. ఇవి యన్నియు కలిసి వాడుకొను విద్యుత్తు చాల స్వల్పము, 20 మొదలు 50 మిల్లీ ఆంపియరులు. కాని చుక్క చుక్కగా కారు కుండయు తెల్లవారునప్పటికి ఖాళీయగును. 50 మిల్లీ ఆంపియరుల లెక్కను దినమునకు 1.2 ఆంపియర్-గంటలు పోవును. 35 దినములకు 42 పోవును. సామాన్యమైన కారు బ్యాటరీలో ఉండునది 60 మాత్రమే. అనగా మా మేనల్లుడు గుంటూరులో అరిసెలు తినుచున్నంతకాలము అతని బ్యాటరీ మూడింట రెండు వంతులకు పైగా ఖాళీ యగుచున్నదన్నమాట.

ఖాళీయైన బ్యాటరీకి చలి రెండువిధముల శత్రువు. మొదటిది, చలిలో రసాయనచర్య మందగించును. సున్నకు దిగువ 18 డిగ్రీల వద్ద మంచి బ్యాటరీ సైతము తన శక్తిలో రమారమి సగమే ఇయ్యగలదు. అదే సమయమున ఇంజనులోని నూనె చిక్కబడి, దానిని త్రిప్పుటకు మామూలుకంటె ఎక్కువ బలము కావలసివచ్చును. ఈయగలిగినది తగ్గి, అడుగునది పెరిగినపుడు సంసారమైనను ఇంజనైనను నడువదు. అందుచేతనే చలిదేశములలో బ్యాటరీని కొనునపుడు, సున్నకు దిగువ 18 డిగ్రీలలో అది 30 సెకండ్లపాటు ఎన్ని ఆంపియరులు ఇయ్యగలదో దానిపై ముద్రించిన అంకెను చూచి కొందురు. నూనె డబ్బాపై 5డబ్ల్యు-30 యని, 0డబ్ల్యు-20 యని వ్రాసియుండును. అందులోని 'డబ్ల్యు' బరువునకు గుర్తని పలువురు భ్రమపడుదురు. అది శీతకాలమునకు గుర్తు. దాని ముందున్న అంకె ఎంత చిన్నదైన, నూనె చలిలో అంత పలుచగా పారును.

రెండవ శత్రుత్వము ఇంకను గడుసైనది. బ్యాటరీలో నున్నది గంధకామ్లము కలిసిన నీరు. బ్యాటరీ నిండుగా ఉన్నపుడు ఆమ్లము నీటిలో ఉండును. అట్టి ద్రవము సున్నకు దిగువ 50 డిగ్రీలు వచ్చినను గడ్డకట్టదు. విద్యుత్తు వ్యయమైనకొలది ఆమ్లము సీసపు పలకలను చేరి, మిగిలిన ద్రవము నీటివలె పలుచబడును. పావు వంతు మిగిలినపుడు అది సున్నకు దిగువ 15 డిగ్రీల ప్రాంతమున గడ్డకట్టును. పూర్తిగా ఖాళీయైనపుడు 10 డిగ్రీల లోపుననే గడ్డకట్టును. నీరు మంచుగా మారునపుడు నూటికి 9 వంతులు ఉబ్బును. పలకలు వంగును, పెట్టె పగులును. కనుక చలికి బ్యాటరీ చచ్చినదనుట సరికాదు. ఆకలితో ఉన్న బ్యాటరీని చలి చంపినది.

దీనికి మందు మూడు తెరగులు. గ్యారేజియు అందులో విద్యుత్తును కలవారు, బ్యాటరీని నిండుగా ఉంచి నిండినంతనే తనంతట తాను తగ్గిపోవు చిన్న చార్జరును తగిలించి పోవచ్చును. అది లేనివారు బయలుదేరుటకు ముందు బ్యాటరీని నిండుగా చార్జి చేయించి, ఋణధ్రువపు తీగను విప్పిపోవచ్చును. నిండిన బ్యాటరీ, తీగ విప్పినది, చలిలో నెలన్నర నిశ్చింతగా ఉండును. నిజమునకు చలిలో దాని స్వయంవ్యయము తగ్గును. మూడవది, బ్యాటరీని పూర్తిగా విప్పి యింటిలోనికి తెచ్చుకొనుట. బరువు 15, 20 కిలోలుండును. తలక్రిందులు చేయరాదు, నిప్పు దాపున ఉంచరాదు. విప్పునపుడు ఋణధ్రువము ముందు, బిగించునపుడు ఋణధ్రువము చివర, ఈ క్రమము తప్పరాదు. నిండినదో లేదో తెలిసికొనుటకు వోల్టుమీటరు చాలును. కొన్ని గంటలు విశ్రాంతిగా ఉన్న పిమ్మట 12.6 వోల్టులు చూపిన నిండుగా ఉన్నట్లు, 12.4కు తగ్గినచో చార్జి చేయవలసినట్లు.

ఇక్కడ మా వృత్తికి సంబంధించిన మాట ఒకటి. బ్యాటరీ తీగ విప్పినపుడు కొన్ని కార్లలోని రేడియో తాను నేర్చిన స్టేషనులన్నియు మరచిపోవును. మరికొన్ని, మరల పలుకుటకు ఒక రహస్యసంఖ్యను అడుగును. ఆ సంఖ్య కారుతో వచ్చిన పుస్తకములో ఉండును. ఆ పుస్తకము సాధారణముగా ఎక్కడ నున్నదో ఎవరికిని తెలియదు. విప్పుటకు ముందే వెదకి వ్రాసియుంచుకొనుడు.

మేము లేనపుడు వారమునకొకమారు ఇంజను తిప్పి పది నిమిషములు ఉంచుమని పొరుగువారిని కోరి వచ్చువారు అనేకులు. అడుగువారిదియు మంచి బుద్ధియే, చేయువారిదియు మంచి మనసే. కాని దానివలన మేలుకంటె కీడే అధికము. ఒక లీటరు పెట్రోలు మండినపుడు రమారమి ఒక లీటరు నీరు ఆవిరిగా పుట్టును. ఇంజనును, సైలెన్సరును బాగుగా వేడెక్కువరకు నడిపినయెడల ఆ ఆవిరి బయటికి పోవును. పది నిమిషములకే ఆపినచో అది లోపలనే నీరై, సైలెన్సరులో తుప్పునకును, చలి ముదిరిన మంచునకును కారణమగును. మండని పెట్రోలు కొంత నూనెలోనికి జారి దానిని పలుచన చేయును. ఇంజను త్రిప్పుటకు బ్యాటరీ చేసిన వ్యయము, నిలిచి తిరుగుచున్న ఇంజనువలన, అందును దీపములు, అద్దముల వేడి, హీటరు పనిచేయుచుండగా, తిరిగి భర్తీ కాదు. కాబట్టి పొరుగువారు నమ్మకస్తులైనచో కారును దారిమీదికి తీసికొనిపోయి అరగంట నడపుమని చెప్పవలెను. లేనిచో దానిని ముట్టవద్దని చెప్పవలెను. ఈ రెంటికిని నడుమ మార్గము లేదు.

ఇంజనును చల్లబరచు ద్రవమును గూర్చి ఒక వింత చెప్పుదుము. రేడియేటరులో వట్టి నీరు పోసిన అది గడ్డకట్టి ఇనుప దిమ్మను సైతము చీల్చును. ఆ కారణమున నీటిలో ఎథిలీన్ గ్లైకాల్ అను ద్రవమును కలుపుదురు. సగము సగము కలిపినపుడు ఆ మిశ్రమము సున్నకు దిగువ 37 డిగ్రీల వరకు గడ్డకట్టదు. అట్లయిన మొత్తము గ్లైకాలే పోసిన ఇంకను మంచిదికదా యని తోచును. కాదు. స్వచ్ఛమైన గ్లైకాల్ సున్నకు దిగువ 13 డిగ్రీలకే గట్టిపడును. రెండును విడివిడిగా ఓడినచోట కలిసి నిలుచును. వేసవిలో కూలెంట్ తగ్గినదని వట్టినీరు పోసి మరచినవారు, శీతకాలమునకు ముందు మెకానిక్ చేత దాని చిక్కదనమును పరీక్షింపజేయవలెను. చిన్న గాజు పరికరముతో నిమిషములో చెప్పగలరు. ఇంకొక హెచ్చరిక. ఈ ద్రవము రుచికి తియ్యగా ఉండును, మూత్రపిండములను పాడుచేయు విషము. నేలపై కారినదానిని కుక్కయు, పిల్లియు నాకును. పసిపిల్లలున్న యింట డబ్బాను అందని అటకపై నుంచవలెను.

టైర్లలోని గాలి, 5, 6 డిగ్రీల చలికి ఒక పౌను వంతున తగ్గును. అక్టోబరు ఎండలో 32 పౌనులు నింపిన టైరు జనవరి రాత్రి 24కు దిగవచ్చును. బయలుదేరుటకు ముందు కారుమీద వ్రాసిన మేరకు గాలి నింపుట చాలును. హ్యాండ్ బ్రేకు వేసి పోరాదు. తడిసిన బ్రేకు చెక్కలు గడ్డకట్టియో తుప్పుపట్టియో చక్రమును పట్టుకొని విడువవు. గేరులో ఉంచి చక్రములకు అడ్డుదిమ్మలు పెట్టవలెను. పెట్రోలు ట్యాంకు నింపి పోవుట మంచిది, ఖాళీ చోటు ఉన్నచోట తేమ చేరును. అద్దము తుడుచు వైపర్లను ఎత్తి నిలుపవలెను, లేనిచో అవి అద్దమునకు అతుకుకొనును. అద్దము కడుగుటకు పోయు నీరు చలికి గడ్డకట్టని రకమైనదై ఉండవలెను. తలుపుల రబ్బరుకు సిలికాను పూసినయెడల తలుపు లాగినపుడు రబ్బరు ఊడిరాదు.

కారును ఎక్కడ నిలిపితిమన్నది వీటికంటె పెద్ద ప్రశ్న. మినియాపొలిస్‌లో మంచు అధికముగా కురిసినపుడు నగరపాలకులు మంచు అత్యవసర పరిస్థితిని ప్రకటింతురు. మొదటి దినము కొన్ని వీధులు, రెండవ దినము మరికొన్ని ప్రక్కలు, మూడవ దినము మిగిలినవి, ఇట్లు వంతులవారీగా మంచు త్రోయు బండ్లు వచ్చును. ఆ వేళ ఆ ప్రక్కన నిలిచిన కారును లాగుకొనిపోవుదురు. యజమాని భీమవరములో ఉన్నాడా, బోస్టనులో ఉన్నాడా యని వారు చూడరు. కనుక వీధిలో వదలి రారాదు. విధిలేక వదలినచో తాళపుచెవిని, అనుమతిని, తమ టెలిఫోను సంఖ్యను నమ్మినవారి చేతికిచ్చి రావలెను. మంచు కరుగుటకు దారులపై ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పునీరు కారు అడుగున అంటి, నిలిచినన్నినాళ్లు తినుచుండును. ప్రయాణమునకు ముందు అడుగుభాగముతో సహా కడిగించి ఆరబెట్టి నిలుపుట తుప్పునకు సగము మందు. లోపల పిల్లలు పారవేసిన బిస్కట్టు ముక్కలు, చేగోడీల పొడి ఊడ్చివేయవలెను. ఎలుక చలికి వెచ్చని తావు వెదకుచు వచ్చి, వాసనకు స్థిరపడి, గాలి వడపోయు పెట్టెలో గూడు కట్టి, తీగలు కొరికిపోవును.

ఇక వృద్ధుని కారు ముందు వ్రేలాడిన తీగ. 1912వ సంవత్సరపు కాడిలాక్ కార్లలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు వచ్చుటకు ముందు ఇంజనును చేతిపిడితో త్రిప్పవలసి యుండెను. శీతకాలమున రాత్రి రాత్రి రేడియేటరు నీటిని పారబోసి తెల్లవారి వేడినీరు పోయువారును, చలి నెలలన్నియు కారును దిమ్మలపై ఎత్తి పండబెట్టువారును ఆ దినములలో కలరు. స్టార్టరు వచ్చిన పిదపకూడ ఉత్తరపు మైదానములలో చిక్కబడిన నూనె లొంగలేదు. ఉత్తర డకోటాలోని గ్రాండ్ ఫోర్క్స్ నివాసి ఆండ్రూ ఫ్రీమన్ ఇంజను తలకు బిగించు మరలో విద్యుత్తు వేడిని అమర్చి, 1949లో దానికి పేటెంటు పొందెను. నేడు దాని సంతతి బ్లాక్ హీటరు. కెనడాలోని విన్నిపెగ్, సాస్కటూన్, ఎడ్మంటన్ నగరములలో కార్లు నిలుపుచోట్ల వరుసగా విద్యుత్తు స్తంభములు, ప్రతి కారు ముక్కునుండి ఒక తీగ, మన పశువులశాలలో గాటికి కట్టిన గొడ్లవలె కనబడును. ప్రయాణమునకు కొన్ని గంటల ముందు తగిలించిన చాలును, రాత్రియంతయు అక్కరలేదు. కావుననే ఆ పాత కారు ఆ తెల్లవారుజామున ఒక్క మలుపులో కదలెను.

డీజిలు బండ్ల బాధ వేరు. డీజిలులో మైనపు అంశము కలదు. చలిలో అది పేరుకొని వడపోత పెట్టెను మూసివేయును. దీనికి చలిదేశములకు పోనక్కరలేదు, మన లడాఖ్ చాలును. లేహ్, ద్రాస్ ప్రాంతములలో లారీ డ్రైవర్లు ట్యాంకు క్రింద మంట పెట్టి డీజిలును కరిగించు ప్రమాదపు పని చేసియున్నారు. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ సంస్థ లడాఖునకై సున్నకు దిగువ 33 డిగ్రీల వరకు పారగల ప్రత్యేకపు శీతకాల డీజిలును పానిపట్టు శుద్ధికర్మాగారమున తయారుచేసి ప్రవేశపెట్టినది. మన తెలుగు జవానులు అక్కడి బండ్లను నడుపుచున్నారు. వారి యిండ్లవారు వినుచుందురని ఈ మాట చెప్పుచున్నాము.

విద్యుత్తు కార్లు కొన్నవారు తమకీ బెడద లేదని సంతోషింతురు. నార్వేవంటి మంచుదేశములో 2024వ సంవత్సరమున అమ్మిన కొత్త కార్లలో నూటికి 88కి పైగా విద్యుత్తువే కనుక, చలి వాటికి అడ్డుకాదనుట స్పష్టము. అయినను వాటిలోని లిథియం బ్యాటరీని గడ్డకట్టు చలిలో నేరుగా చార్జి చేయరాదు. కారు ముందు దానిని వెచ్చజేసికొని పిమ్మట చార్జి చేసికొనును, ఆ వెచ్చదనమునకు విద్యుత్తు కావలెను. అందుచేత దీర్ఘకాలము విడిచిపోవునపుడు వీలున్నచోట గోడకు తగిలించి, తయారుచేసినవారు చెప్పిన మట్టముననే నిలిపి, చుట్టుపట్ల చూచు కెమెరాలను ఆపి పోవలెను. వాటిలోను తలుపులను, దీపములను నడుపు చిన్న 12 వోల్టుల బ్యాటరీ వేరుగా ఉండునని మరువరాదు.

పోవునప్పటి జాగ్రత్తలకంటె తిరిగివచ్చిన దినపు జాగ్రత్త పెద్దది. మనవారు చేయు మొదటి తప్పు, మంచు పట్టిన అద్దముమీద మరిగిన నీరు పోయుట. చలికి బిగిసిన గాజు ఆ వేడికి ఛటాలున పగులును. గీకుడుపలకతో గీకవలెను, ఓపిక లేనిచో చలిదేశమున కారుండరాదు. బానెట్‌పై రెండుమారులు చరచి మరి ఇంజను త్రిప్పవలెను, లోపల పిల్లి పండుకొని యుండవచ్చును. పైకప్పుమీది మంచును పూర్తిగా త్రోయవలెను. దారిలో అది పలకవలె ఎగిరి వెనుకవాని అద్దముమీద పడును.

అన్నిటికంటె ముందు చూడవలసినది కారు వెనుక పొగగొట్టము. నిలిచిన కారు చుట్టు మంచు పేరుకొని ఆ గొట్టము మూసికొనిపోవును. అది చూడక ఇంజను తిప్పి, లోపల వెచ్చగా ఉండునని పిల్లలను కూర్చుండబెట్టి, తండ్రి బయట మంచు త్రోయుట అక్కడ సర్వసాధారణము. 2016 జనవరి మంచుతుపానులో న్యూజెర్సీ రాష్ట్రపు పసాయిక్ నగరమున ఇట్లే జరిగెను. తండ్రి కారు చుట్టు మంచు త్రోయుచుండగా లోపల వెచ్చదనమునకై కూర్చున్న తల్లియు, ఏడాది బిడ్డయు కార్బన్ మోనాక్సైడుకు బలియైరి. మూడేండ్ల కుమార్తె పిమ్మట మరణించెను. ఆ వాయువునకు వాసన లేదు, రంగు లేదు. రక్తములో ప్రాణవాయువు కూర్చుండవలసిన స్థానమును అంతకు రెండువందల రెట్ల పట్టుతో ఆక్రమించును. మొదట తలనొప్పి, నిద్రమత్తు, అంతే. బడలికయని అనుకొందురు. గ్యారేజిలో ఇంజను త్రిప్పి కారు వెచ్చబడువరకు లోపలికిపోయి కాఫీ త్రాగువారును ఇదే అపాయమును ఇంటిలోనికి పిలుచుచున్నారు. తలుపు తెరచియుంచినను చాలదు. కారును బయటికి లాగియే వెచ్చజేయవలెను. ఆ రాష్ట్రమున మన తెలుగు కుటుంబములు వేలకొలది కలవు. వినుచున్న తల్లిదండ్రులు ఈ రాత్రి టెలిఫోనులో ఇతర విషయములతో కూడ ఈ ఒక్క మాటను పిల్లల చెవిన వేయుదురుగాక.

పోయిన సంక్రాంతికి మేనల్లుడు మరల గుంటూరు వచ్చెను. పాప ఇప్పుడు పెద్దదైనది, మంచులో ఆడుటకు సెలవులలో ఇచ్చటికి రావలసివచ్చెనని అలుగుచుండెను. భోజనమునకు కూర్చుండగా, మేము అడుగకమునుపే అతడు చెప్పెను.

"బ్యాటరీ కోట్ల అలమారలో పెట్టాను మామయ్యా. హ్యాండ్ బ్రేకు తీసి దిమ్మలు పెట్టాను. తాళంచెవి కిందింటి పెద్దాయన దగ్గరుంది. మంచు తోసే పార కారులో పెట్టలేదు, గుమ్మం పక్కనే పెట్టాను. వెళ్ళగానే ముందు వెనక గొట్టం దగ్గర తవ్వాలిగా."